పడుకుంటే ఎక్కువ, నిలబడితే తక్కువ

నేను మొదటిసారి క్లాసులో తూలినప్పుడు నా వెనక బోర్డు మీద ‘స్వయంచోదిత నాడీవ్యవస్థ’ అని రాసి ఉంది. రాసింది నేనే. మన ప్రమేయం లేకుండా గుండెను కొట్టించేది, పేగును కదిలించేది, కూర్చున్నవాడు లేచినప్పుడు రక్తమంతా కాళ్లలోకి జారిపోకుండా నాళాలను బిగించేది ఈ వ్యవస్థేనని చెప్పాను. ‘మనం మరిచిపోయినా అది మరిచిపోదు’ అని నా మామూలు చమత్కారం ఒకటి వదిలాను. పిల్లలు నవ్వడానికి కాస్త విరామం ఇస్తుండగా కళ్ల ముందు నల్లటి తెర దిగింది. కల్పించి రాసేవాణ్ణయితే ఇంత మొరటుగా కల్పించను. జరిగింది కాబట్టి రాస్తున్నాను.

అశోక్ నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో గ్రూప్స్ పరీక్షలు రాసేవాళ్లకు జనరల్ సైన్స్ చెప్పడం నా పని. పిల్లలు అంటున్నాను గానీ వాళ్లలో కొందరికి బడికెళ్లే పిల్లలున్నారు. మా ఇల్లు చిక్కడపల్లిలో. పొద్దున్న ఏడున్నరకు పొట్టలో ఇన్సులిన్ పొడుచుకుని, నాలుగు ఇడ్లీలు తిని, నడుచుకుంటూ వెళ్లి ఎనిమిదిన్నరకల్లా వేదిక ఎక్కుతాను. షుగర్ వచ్చి ఇరవై నాలుగేళ్లు, ఇన్సులిన్ మొదలై తొమ్మిదేళ్లు. ‘నాకంటే నా రోగానికే సర్వీసు ఎక్కువ’ అని కొత్త బ్యాచ్‌కు చెప్పి నవ్వించేవాణ్ణి. ఒక్కో బ్యాచ్‌కు ఒక్కసారే చెప్పేవాణ్ణి కనక అది ప్రతి ఏడూ కొత్తగానే ఉండేది.

అశోక్ నగర్‌లో పాఠం నిలబడే చెప్పాలి. ఎక్కడా రాసి లేదు గానీ అందరూ పాటిస్తారు. హోర్డింగుల మీద సార్లందరూ చేతులు కట్టుకుని నిలబడే ఉంటారు. వేదిక మీద కుర్చీ ఉంటుంది. దాని మీద సంచీ కూర్చుంటుంది, నీళ్ల సీసా కూర్చుంటుంది, వానాకాలంలో గొడుగు కూర్చుంటుంది. సారు మాత్రం కూర్చోడు. కూర్చుంటే ‘సార్ పనైపోయింది’ అని టీ కొట్ల దగ్గర అనుకుంటారు. మోకాళ్ల నొప్పులతో కూర్చున్న హిస్టరీ సారు ఒకాయన మూడు నెలల్లో చరిత్రలో కలిసిపోయారు. నేను మాత్రం మూడు గంటలు నిలబడి, మధ్యలో ఒక్క టీ విరామంతో, గొంతు తగ్గకుండా చెబుతానని పేరు. ఆ పేరు గురించి నాకు నిలువెత్తు గర్వం. ఇప్పుడు చూస్తే నా దగ్గర నిలువుగా మిగిలింది ఆ గర్వం ఒక్కటే.

సరే, తూలాను. ముందు వరుసవాళ్లు పట్టుకుని, కుర్చీ మీది సంచీని దించి, నన్ను కూర్చోబెట్టారు. ‘సార్‌కు షుగర్ డౌనయింది’ అన్నారు ఎవరో. మన ఊళ్లో షుగర్ ఉన్నవాడు తూలితే షుగర్ డౌన్, షుగర్ లేనివాడు తూలితే బీపీ. మూడో జబ్బు లేదు. నోట్లో ఒక చాక్లెట్ పెట్టారు. రెండు నిమిషాల్లో తెర లేచింది, బోర్డు కనబడింది, నా దస్తూరీ కూడా కనబడింది. నాకు తృప్తిగా అనిపించింది. చాక్లెట్ తిన్నాను, తేరుకున్నాను, కాబట్టి చాక్లెట్ వల్లే తేరుకున్నాను. ఇలాంటి తర్కం నా విద్యార్థి ఎవరైనా రాస్తే సున్నా వేసేవాణ్ణి. చాక్లెట్ కంటే ముందు నన్ను కూర్చోబెట్టారన్న సంగతి ఇంతమంది చూశారు, ఒక్కరికీ తట్టలేదు. నాకైతే తట్టే ప్రసక్తే లేదు, నేను సైన్స్ మాస్టర్ని.

ఆ తర్వాత వారంలో రెండుసార్లు, మూడుసార్లు అలా అయ్యేది. తెర దిగేముందు మెడ వెనక, భుజాల మీద బరువు కట్టినట్టు నొప్పి. దానికి దిండు మార్చాను. పిల్లలు వంతులు వేసుకుని బల్ల మీద చాక్లెట్ల డబ్బా నింపేవాళ్లు. నేను కాస్త ఎక్కువసేపు ఆలోచించినా సరే, ముందు వరుసలో చాక్లెట్ కాగితం విప్పిన చప్పుడు వినపడేది. మధ్యాహ్నం ఇంటికెళ్లి షుగర్ చూసుకుంటే మీటరు రెండువందల ఎనభై చూపించేది. అంత ప్రేమ ఎక్కడికి పోతుంది, నెత్తురులోకే కదా. ‘పొద్దున్న డోసు చాలడం లేదన్నమాట’ అని నిర్ధారించి, డాక్టరును అడక్కుండా, ఇన్సులిన్ రెండు యూనిట్లు పెంచాను. తర్వాతి వారం ఇంకా ఎక్కువ తూలాను. ఇంకా ఎక్కువ చాక్లెట్లు. ఇంకో రెండు యూనిట్లు.

అసలు షుగర్ తగ్గిందా లేదా అని తూలిన క్షణంలో ఒక్కసారైనా పరీక్షించుకున్నానా అంటే, లేదు. మీటరు ఇంట్లో ఉండేది. తగ్గినప్పటి లక్షణాలు నేను పాఠంగా చెబుతాను కదా, నాకు మీటరెందుకు?

ఇంట్లో ఇంకో వైద్య విభాగం మా ఆవిడది. ఆవిడ బ్యాంకులో పనిచేసి రిటైరైంది కనక అంకెల మీద నమ్మకం జాస్తి. బీపీ యంత్రం కొని, రోజూ నా బీపీని ఒక నోటుబుక్కులో ఎక్కించేది. విశ్రాంతిగా ఉన్నప్పుడే చూడాలని ఎక్కడో చదివింది. ఆవిడ భాషలో విశ్రాంతి అంటే దివాను మీద వెల్లకిలా పడుకుని, కళ్లు మూసుకుని, పది నిమిషాలు నోరెత్తకుండా ఉండడం. ముప్పై ఏళ్ల సంసారంలో నా నోరు మూయించడానికి దొరికిన తొలి వైద్య కారణం అది. వదులుతుందా? చూసిన ప్రతిసారీ నూట అరవైకి అటూ ఇటూ. ఆ పుస్తకం చూసిన ఒక డాక్టరుగారు పొద్దున్న వేసుకోమని మాత్ర రాశారు. ఆయన తప్పేమీ లేదు, మేము చూపించిన అంకెలకే ఆయన మందిచ్చారు. మా ఆవిడ తన వంతుగా ఉప్పు తీసేసింది. పప్పులో లేదు, చారులో లేదు. ఆవకాయ జాడీ అటకెక్కింది. మా తాతగారు కోస్తా నుంచి ఈ ఊరికి ఉద్యోగానికి వచ్చినప్పుడు ట్రంకుపెట్టె కంటే ముందు ఆ జాడీని దించారట. అంతటి వంశంలో పుట్టి రెండేళ్లపాటు ఉప్పూ కారం లేని మనిషిగా బతికాను.

గ్రూప్స్ నోటిఫికేషన్ వచ్చిన పదో రోజున పడిపోయాను. తూలడం కాదు, పడిపోవడం. హాలు కిక్కిరిసి ఉంది. కాలరుకు మైకు ఉంది. వేదిక అంచు నుంచి ముందు వరుస బల్ల మీదికి, అక్కడి నుంచి నేల మీదికి వెళ్లాను. ఆ ప్రయాణమంతా మైకు శ్రద్ధగా ప్రసారం చేసింది. నా నోట్లోంచి వచ్చిన ‘అమ్మా’ నాలుగు స్పీకర్లలోనూ మోగిందట. కళ్లజోడు విరిగింది, కింది పెదవి చిట్లింది. మిగతా సరంజామా చెక్కుచెదరలేదు.

కోచింగ్ సెంటర్ డైరెక్టరు నాకంటే పదిహేనేళ్లు చిన్న. నా దగ్గరే చదువుకున్నవాడు. అప్పుడు నిలబడి నమస్కారం పెట్టేవాడు, ఇప్పుడు కూర్చుని పెడతాడు. తన గదికి పిలిచి, మంచినీళ్లిచ్చి, ఫోను తిప్పుతూ మొదలుపెట్టాడు.

“సార్, మీరంటే మాకు ఎప్పటికీ రెస్పెక్టే. గానీ పిల్లలు వీడియో తీసిండ్రు. రేపు మీకేమన్న అయితే నేనేం జెయ్యాలె? జర రెస్ట్ తీస్కోండి. ఈ బ్యాచ్‌కు వేరే సార్‌ను చూస్త.”

ఈ బ్యాచ్ పోతే మళ్లీ బ్యాచ్ ఉండదని ఇద్దరికీ తెలుసు. అశోక్ నగర్‌లో సీజన్లో తప్పుకున్న సారును తర్వాతి సీజన్లో ఎవరూ వెతకరు. నేను బతిమాలాను. ఎంత గట్టిగా బతిమాలానో ఇక్కడ రాయను. చివరికి డాక్టరు దగ్గర కాగితం తెస్తే సోమవారం మాట్లాడుకుందామన్నాడు. ఆ రోజు శుక్రవారం.

శనివారం పొద్దున్న తొమ్మిది గంటలకు నా విరిగిన కళ్లజోడు, వదిలేసి వచ్చిన సంచీ తీసుకుని నా క్లాసులో చదివే ఒక అమ్మాయి ఇంటికొచ్చింది. ముప్పై దాటి ఉంటాయి. వాళ్లది మహబూబ్‌నగర్ వైపు. అమ్మానాన్నలు ఇళ్ల పనుల్లో తాపీ కూలీలు, అంబర్‌పేటలో ఉంటారు. ఈ అమ్మాయి ఒక ఆస్పత్రిలో నాలుగేళ్లు నర్సుగా చేసి, మానేసి పరీక్షలకు చదువుతోంది. క్లాసులో మూడో వరుస. చాక్లెట్ల వంతుల్లో ఎప్పుడూ చేరకపోతే, ఈమెకు నా మీద గౌరవం లేదు కాబోలు అనుకునేవాణ్ణి.

ఆమె వచ్చేసరికి నేను ఇన్సులిన్ తీసుకుని, ఇడ్లీలు తిని, మాత్ర వేసుకుని దివాను మీద శవాసనంలో ఉన్నాను. మా ఆవిడ పుస్తకం తెరిచి అంకె ఎక్కిస్తోంది. నూట అరవై రెండు. ఆ అమ్మాయి పుస్తకం అడిగి తీసుకుని రెండు మూడు పేజీలు తిప్పింది.

“అమ్మా, ఇవన్నీ పండవెట్టే చూసినారా?”

అవునంది మా ఆవిడ, కొంచెం గర్వంగానే.

“సార్ పడిపోయేది నిలబడ్డప్పుడు గదా. నిలబెట్టి చూడాలె.”

ముందు షుగర్ చూసింది. నూట తొంభై. ‘డౌను’ అనేది ఆ దరిదాపుల్లో లేదు. తర్వాత నన్ను లేపి నిలబెట్టి, ఒకవైపు తాను, ఒకవైపు మా ఆవిడ ఉండేలా చూసి, చేతికి పట్టీ అలాగే ఉంచి మీట నొక్కింది. ఒక నిమిషానికి నూట పద్నాలుగు. నేను ఏదో చమత్కారం చెప్పబోతే మాట్లాడొద్దని కళ్లతోనే అంది. మూడో నిమిషానికి ఎనభై ఎనిమిది. అప్పటికి మెడ వెనక బరువు వచ్చేసింది. తెర సగం దిగింది. ఆ సగం తెరలోంచి మా ఆవిడ మొహం కనిపించింది. ఆవిడ నన్ను చూడటం లేదు, యంత్రాన్ని చూస్తోంది.

కూర్చోబెట్టారు. తెర లేచింది. చాక్లెట్ ఎవరూ పెట్టలేదు.

“అంటే పడుకుంటే ఎక్కువ, నిలబడితే తక్కువా?” అంది మా ఆవిడ మెల్లగా. “రెండేళ్లు ఉప్పు లేకుండా పెట్టానే ఈ మనిషికి.”

నేను ఓదార్చాను. నిజానికి ఆ క్షణంలో నాకు ఆవకాయ తప్ప వేరే ఆలోచన లేదు.

ఆ అమ్మాయి మాత్రం తనకు తెలిసింది అంతేనని, మందులు తాను మార్చనని, ఈ రోజే డాక్టరుకు చూపించాలని చెప్పింది. తమ పాత ఆస్పత్రిలో పనిచేసి ఇప్పుడు నారాయణగూడలో సొంతంగా క్లినిక్ పెట్టుకున్న డాక్టర్ మేడం ఉన్నారని చెప్పి, తానే ఫోన్ చేసింది. ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని అడిగాను. “మీరు సార్ గదా. మీకు తెలుసనుకున్న,” అంది.

నా జీవితంలో నాకు పడిన అతి పెద్ద మైనస్ మార్కు అదే.

నారాయణగూడలో డాక్టరమ్మ నన్ను పడుకోబెట్టి, కూర్చోబెట్టి, నిలబెట్టి, గాఢంగా ఊపిరి తీయించి నాడి చూసి, పాత కాగితాలన్నీ తిరగేసి, ఏం చేస్తుంటారని అడిగింది. పాఠాలు చెబుతానన్నాను. ఏం పాఠాలని అడిగింది. బోర్డు మీద నేను రాసిన అక్షరాలు గుర్తొచ్చాయి.

“లెక్కలండీ,” అన్నాను.

మా ఆవిడ పక్కనుంచి “సైన్సండీ,” అంది.

డాక్టరమ్మ ఇద్దరినీ చూసి, లెక్కల మాస్టరుకు చెప్పినట్టే నెమ్మదిగా చెప్పింది. ఏళ్ల తరబడి షుగర్ వల్ల నా స్వయంచోదిత నాడులు అరిగిపోయాయి. నిలబడగానే నాళాలను బిగించవలసినవి బిగించడం లేదు. అంతవరకు నేను ఊహించగలిగాను. ఆ తర్వాత చెప్పింది నేను పాఠంలో ఎన్నడూ చెప్పలేదు.

“ఇన్సులిన్ షుగర్ ఒక్కటే తగ్గిస్తుందనుకుంటాం. అది రక్తనాళాలను కూడా కొంచెం సడలిస్తుంది. అందరికీ సడలిస్తుంది. నాడులు బాగున్నవాళ్లకు అవి వెంటనే పసిగట్టి సర్దేస్తాయి, బీపీ కదలదు. మీకు సర్దేవాళ్లు లేరు. షుగర్ తగ్గకపోయినా సరే, బీపీ పడిపోతుంది.”

దానికి తోడు నాలుగు ఇడ్లీలు. తిండి అరగడానికి రక్తం పొట్ట వైపు వెళుతుంది. అప్పుడూ నాడులే సర్దాలి. దానికి తోడు పొద్దున్నే బీపీ మాత్ర. వీటన్నిటి మీదా మూడు గంటలు నిలబడటం. మధ్యలో నేను సొంతంగా పెంచిన నాలుగు యూనిట్లు. ఆ సంగతి చెప్పకుండా దాటేద్దామనుకున్నాను గానీ మా ఆవిడ పక్కనే ఉంది.

మా పాఠ్యపుస్తకాల్లో ఆ బిగించే విభాగం పేరు ‘సహానుభూత నాడీవ్యవస్థ’. ఇరవై రెండేళ్లు ఆ మాటను బోర్డు మీద రాశాను. నా ఒంట్లోనే నా పట్ల సహానుభూతి చచ్చిపోయిందని తెలియలేదు.

మందులు ఆవిడ మార్చింది. ఇన్సులిన్ మానకూడదు, డోసు మాత్రం తాను చెప్పినట్టే తీసుకోవాలి. బీపీ మాత్ర సంగతి తాను చూసుకుంటుంది. ఇన్సులిన్ కూర్చునే తీసుకోవాలి, తిండి కొంచెం కొంచెంగా తినాలి, నీళ్లు బాగా తాగాలి, కాళ్లకు బిగుతు మేజోళ్లు వేసుకోవాలి, మంచం తలవైపు ఎత్తు పెట్టుకోవాలి, పగలు వెల్లకిలా పడుకోకూడదు. ఆ చివరి మాటకు మా ఆవిడ తలదించుకుంది. ఉప్పు నా విషయంలో ఎంత అన్నది తానే లెక్క కట్టి చెబుతానంది. ఆవకాయ గురించి విడిగా అడిగాను. ముందు మీరు నిలబడే సంగతి చూద్దామంది.

కాగితం రాసే దగ్గర పేచీ వచ్చింది. ‘పాఠం చెప్పవచ్చు, ఇన్సులిన్ తీసుకున్న తర్వాత కూర్చుని మాత్రమే’ అని రాసింది. ఆ ‘కూర్చుని’ తీసేయమన్నాను. అశోక్ నగర్ సంప్రదాయం వివరించాను. హిస్టరీ సారు ఉదంతం కూడా చెప్పాను. ఆవిడ కలం మూత పెట్టేసింది.

“పొద్దున్న ఇన్సులిన్ మానేసి క్లాసయ్యాక తీసుకుంటే నిలబడొచ్చు కదా అని ఆలోచిస్తున్నారు. అవునా?”

అవును. మెట్లెక్కి వచ్చేటప్పుడే ఆలోచించాను. ఇంత తొందరగా దొరికిపోతాననుకోలేదు.

“అలా చేస్తే మీ నాడుల్లో మిగిలినవి కూడా పోతాయి. అప్పుడు కూర్చుని కూడా చెప్పలేరు.”

సోమవారం ఆ కాగితం డైరెక్టరు చదివాడు. పొద్దుటి ఇన్సులిన్ జోరు తగ్గే సాయంత్రం బ్యాచ్‌కు మారుస్తావా అంటే గదులు ఖాళీ లేవన్నాడు. ‘కూసొని చెప్తే పిల్లలుంటరా సార్’ అని తనలో తాను అనుకున్నట్టు అన్నాడు. మా వ్యాపారంలో ఒక కొలబద్ద ఉంది. టీ విరామం తర్వాత ఎంతమంది తిరిగొస్తారన్నదే ఏ సారుకైనా అసలు పరీక్ష. ఈ రోజు ఒక్క రోజు చూస్తానన్నాడు.

ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను. అరనిమిషంలో తెలిసింది, నాకు పాఠం వచ్చినంతగా కూర్చోవడం రాదని. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. బోర్డు నా తల వెనక ఆకాశంలో ఉంది. వెనక వరుసలకు నా నెత్తి తప్ప కనబడదు. అదీ వెంట్రుకలు చెప్పుకోదగ్గట్టుగా లేని నెత్తి. ఎప్పుడూ తిరుగుతూ చెప్పడం వల్ల చాలా సంగతులు నా నోటికి కాదు, కాళ్లకు కంఠతా వచ్చినట్టున్నాయి. రెండు వాక్యాలకే ఆగిపోయాను. హాల్లో గుసగుస మొదలైంది.

ఇక దాచడానికేమీ లేదు. శుక్రవారం ఎందుకు పడ్డానో చెప్పడం మొదలుపెట్టాను. ఒక్కొక్కరినీ బోర్డు దగ్గరికి పిలిచి బొమ్మ గీయమన్నాను. గుండె ఒకరు, నాళాలు ఒకరు, కాళ్లు ఒకరు. కాళ్లు గీసినవాడు నాకు లేని కండలు పెట్టాడు. ఇన్సులిన్ ఎక్కడ సడలిస్తుందో, నాడి ఎక్కడ బిగించాలో, నా దగ్గర ఏది పనిచేయడం లేదో చెప్పాను. చాక్లెట్ వల్లే తేరుకున్నానని ఎలా నమ్మానో చెప్పి, ఈ తర్కానికి ఎన్ని మార్కులని అడిగాను. వెనక నుంచి ఎవరో “సున్నా, సార్” అన్నారు. మొన్నటిదాకా డబ్బా నింపినవాళ్లు నెత్తి కొట్టుకున్నారు. ‘నెగెటివ్ మార్కింగ్ సార్’ అన్నాడు ఇంకొకడు. షుగర్ ఉన్న మనిషి తూలితే ముందు కూర్చోబెట్టండి, మీటరుతో చూడండి, షుగర్ తగ్గి ఉంటే తీపి పెట్టండి, మీటరు లేకపోతే అప్పుడూ పెట్టండి, కానీ ఆ తర్వాత డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి, నాలా సొంత వైద్యం వద్దు అన్నాను. మూడో వరుసలోని అమ్మాయి తలెత్తకుండా రాసుకుంటోంది. ఆమెకు తెలిసిన పాఠమే, అయినా రాసుకుంది.

టీ విరామం ఇచ్చాను. అందరూ వెళ్లారు. మామూలుగా నేనూ వెళ్లేవాణ్ణి. ఆ రోజు లేవకూడదు కనక ఖాళీ హాల్లో, ఖాళీ బల్లలకు ఎదురుగా కూర్చున్నాను. ఇరవై రెండేళ్లలో ఆ పదిహేను నిమిషాలు హాలు ఎలా ఉంటుందో నేనెప్పుడూ చూడలేదు. కింద టీ కొట్టు దగ్గర నవ్వులు వినబడుతున్నాయి. నా గురించేనా అని చెవులు రిక్కించాను. బస్సు హారన్ల మధ్య ఏమీ తెలియలేదు. గ్లాసు నీళ్లు తాగాను. ఇంకో గ్లాసు తాగాను. డాక్టరమ్మ చెప్పిందనే తాగాను, గొంతెండి కాదు అని నాకు నేను చెప్పుకున్నాను.

మొదట ఆరుగురు వచ్చారు. తర్వాత గుంపుగా వచ్చారు. వెనక వరుసలవాళ్లు తమ సంచులు తీసుకుని ముందు ఖాళీల్లోకి జరిగారు, కూర్చున్న సారు అక్కడి నుంచైతేనే కనబడతాడు మరి. డైరెక్టరు తలుపు దగ్గర నిలబడి వేలితో గాలిలో వరుసలు లెక్కపెట్టాడు. వెనక రెండు వరుసలు ఖాళీగానే ఉండిపోయాయి. అతను వాటిని కూడా చూశాడు. నేను అతన్ని చూశాను.

“సరే సార్,” అన్నాడు. “రేపు గూడ కూసోండి.”

ఆ రెండు వరుసలవాళ్లు పక్క వీధిలో కొత్త సారు దగ్గర చేరారని తర్వాత తెలిసింది. బాగా చెబుతాడట. నిలబడే చెబుతాడట. ఆయనకు షుగర్ ఉందో లేదో అడిగి రమ్మందామనుకుని, మరీ అంత నీచం వద్దని ఊరుకున్నాను.